రెండు వేళ్ళ వదులు

పెద్ద వరద వచ్చిపోయిన నాలుగో ఏడు జరిగింది ఇది. మా వీధిలో ఏ సంగతైనా ఆ వరదకు ముందో వెనకో అని చెప్పుకుంటారు. నీళ్ళు మా ఇంటి మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి. మాకు నష్టమేమీ రాలేదు. మేము పెట్టెలు చేస్తాం, చనిపోయినవాళ్ళను ఉంచి పూడ్చే పెట్టెలు. వరద వచ్చిన ఏడాది తొమ్మిది రోజుల్లో నలభై ఒకటి చేశాం.

నేను చెక్క కోసి బిగిస్తాను. లోపలి పని నా భార్యది. అడుగున దూది పరవాలి. దాని మీద తెల్ల శాటిన్ గుడ్డ లాగి, అంచు చుట్టూ కుచ్చులు పోసి, చిన్న మేకులు కొట్టాలి. ఆఖరున తలగడ. ఆమె నాలుగు మేకులు పెదవుల మధ్య పెట్టుకుని, కుడిచేత్తో బుల్లి సుత్తి ఆడిస్తుంటే ఒక్క మేకు వంగేది కాదు. కుచ్చుకీ కుచ్చుకీ మధ్య ఎడం కొలిచినట్టు ఉండేది. వీధిలో అందరూ ఆమెను కుచ్చులత్త అనేవారు. మూత వేశాక ఆ కుచ్చులు ఎవరికి కనబడతాయని కోడలు ఒకసారి అడిగింది.

"లోపల ఉన్నవాళ్ళకు కనబడవా?" అంది నా భార్య.

నేను మాట తక్కువ మనిషిని. నా వాటా మాటలు కూడా ఆమే మాట్లాడేది. మేకులు నోట్లో ఉన్నా ఆపేది కాదు. "మీ మామ పెళ్ళిచూపుల్లో కూడా ఇంతే. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. మూగవాడేమో, నా మాటకు అడ్డు రాడులే అని ఒప్పుకున్నాను. తీరా చూస్తే నోరుంది, మాటే లేదు," అని కోడలితో చెప్పి నవ్వేది.

ఆ ఏడు ఆమె కుడి రొమ్ములో గడ్డ ఉందన్నారు. రొమ్ము తీసేశారు. చంకలోని బిళ్ళలు కూడా తీసేశారు. గాయం మానాక ఆసుపత్రివాళ్ళు బిగుతు బాడీ ఒకటి ఇచ్చి, పగలంతా వేసుకోమన్నారు. దానికి కుడివైపు ఖాళీ సంచిలా వేలాడేది. ఆమె తలగడల దూది తీసి, శాటిన్ ముక్కలో కుట్టి, ఆ ఖాళీలో పెట్టుకుంది. బరువు చాలక భుజం ఒక పక్కకు వాలుతోందని, పెట్టె పిడులకు వేసే ఇనప వాషర్లు రెండు అందులో వేసి మళ్ళీ కుట్టింది.

కోడలు చూసి మొహం అదోలా పెట్టింది. "ఛీ, ఆ దూదా అత్తయ్యా?"

"ఏం? ఎవరి తల కిందికి పోతోందో దూదికి తెలుసా? దీనికంటే మెత్తటి దూది ఊరంతటిలో లేదు. కావాలంటే నీకూ ఒకటి కుట్టిస్తాను, నీకూ అక్కడ కొంచెం తక్కువే," అంది. కోడలు మూడు రోజులు మాట్లాడలేదు.

రెండు నెలలు గడిచాక చెయ్యి ఉబ్బడం మొదలుపెట్టింది. ముందు చేతివేళ్ళ వెనక గుంటలు పోయాయి. తరవాత జాకెట్టు చెయ్యి పట్టలేదు. ఆసుపత్రిలో ఇలాంటి చేతులు చూసే నర్సు ఒకామె ఉండేది. అందరూ ఆమెను చేతుల నర్సమ్మ అనేవారు. నా భార్య చేతికి మూడు చోట్ల టేపు వేసి తన పుస్తకంలో రాసుకుంది. మేడమీద ఉన్నవాళ్ళతో మాట్లాడుతున్నట్టు గట్టిగా మాట్లాడేది.

"కంప్రెషన్ స్లీవ్ వేసుకోవాలమ్మా. చేతి పొడుగునా బిగుతు తొడుగు. పొద్దున లేవగానే వేసుకోవాలి, పడుకునేటప్పుడు తీసేయాలి. ఆరు నెలలకు సాగిపోతుంది, అప్పుడు కొత్తది."

"సుత్తి పట్టుకోవచ్చా?" అంది నా భార్య. అదొక్కటే అడిగింది.

"తొడుగు సరిగ్గా ఉంటే పట్టుకోవచ్చు. లేకపోతే ఆరు నెలల్లో చెంచా కూడా పట్టుకోలేరు. ఒకసారి గట్టిపడితే ఆ చెయ్యి మళ్ళీ మామూలు చెయ్యి కాదు."

తొడుగు కోసం బయలుదేరాం. మొదటి షాపులో చక్రాల కుర్చీలు, ఊతకర్రలు ఉన్నాయి. "మోకాలికా?" అన్నాడు షాపతను.

"చేతికి."

"చేతికి ఏమైందమ్మా?"

"చేతికి ఏమీ కాలేదు. రొమ్ము తీసేశారు," అంది షాపంతా వినబడేలా. అతనూ, పక్కనున్న ఇంకొకతనూ తలలెత్తి ఫ్యాను చూశారు. కాసేపటికి అతను మోకాలి పట్టీ ఒకటి తీశాడు. "ఇది పెద్ద సైజు. చేతికి కూడా ఎక్కుతుంది."

"నీ మెడకు ఎక్కుతుందేమో చూసుకో నాయనా," అని బయటికి వచ్చేసింది.

రెండోది ఆటల సామాను షాపు. బంతి విసిరేవాళ్ళు వేసుకునే నల్ల తొడుగు ఇచ్చారు. వేసుకున్న గంటకు అది మోచేతి దగ్గర మడత పడి పట్టేసింది. కింద అరచెయ్యి రొట్టెలా పొంగింది. కత్తెరతో కోసి తీశాను.

మూడో షాపులో కొలత తీసుకుని పంపిస్తే ఎక్కడో అల్లి పంపుతారట, మూడు వారాలు పడుతుందట. అయితే కొలతలు తీసే అమ్మాయి పని మానేసింది. ఇద్దరు మగవాళ్ళే ఉన్నారు. "లోపల గది ఉందమ్మా, నేనే కొలుస్తాను," అన్నాడు షాపతను.

"నీకు చూపించాలా? మూడు నెలల ముందు వచ్చి ఉంటే రెండూ ఉండేవి. ఇప్పుడేం చూస్తావు?"

అతని మొహం కందిపోయింది. చెయ్యి బొమ్మ ఉన్న కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. బొమ్మ మీద మణికట్టు నుంచి చంక దాకా ఏడు గీతలు, ఒక్కో గీత పక్కన ఒక ఖాళీ గడి. "ఇంట్లో ఎవరైనా కొలిచి రాసివ్వండి. పొద్దున కొలవండి, అప్పుడు వాపు తక్కువగా ఉంటుంది. ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా కోడలుంది. దానికి ఈ చెయ్యి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. మా ఆయన కొలుస్తాడులే. ఆయన పనే కొలవడం."

"టైలరా?"

"అలాంటిదే. ఆయన కుట్టినది ఇంతవరకు ఒక్కరూ బిగుతని తిరిగి తేలేదు," అంది. ఆరోజు అంతా ఆ మాటకే నవ్వుకుంది.

నా టేపు బతికున్న మనిషి మీద ఎప్పుడూ వేయలేదు. వేస్తే ఊరుకుంటారా? "ఆ టేపు నా దగ్గరికి తెచ్చావంటే దానితోనే నీకు ఉరేస్తాను," అంది. పోయి కొత్తది కొన్నాను, పచ్చ రంగుది. మర్నాడు పొద్దున ఆమె పని చేసే బల్ల మీద కూర్చుని చెయ్యి చాపింది. ఏడు చోట్ల టేపు చుట్టి ఏడు అంకెలు రాశాను. ఆ చెయ్యి అంతసేపు పట్టుకుని నాకు అలవాటు లేదు. ఆమె కూడా మాట్లాడకుండా కూర్చుంది. ఆమెకు చదువు రాదు. కాగితం మీద అంకెలు చూసి, "నీ రాత బాగుందే," అంది.

మూడు వారాలకు తొడుగు వచ్చింది. చర్మం రంగులో, పైన రబ్బరు పట్టీతో ఉంది. ఆసుపత్రిలో ఆడవాళ్ళు ఆమెను భయపెట్టి ఉన్నారు. వేసుకోవడానికి అరగంట పడుతుందని, రబ్బరు గ్లవుజు తొడుక్కుని లాగాలని, కన్నీళ్ళు వస్తాయని చెప్పారట. ఆమె పళ్ళు బిగించి వేళ్ళు దూర్చింది. తొడుగు సులువుగా భుజం దాకా ఎక్కింది.

ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తరవాత నా వంక చూసింది.

"ముప్పై ఎనిమిదేళ్ళకు ఒక్క పని నాకు సరిపడేలా చేశావయ్యా," అంది.

వెంటనే సుత్తి తీసుకుని ఒక పెట్టె అంచంతా కొట్టేసింది. సాయంత్రం వీధిలోకి పోయి పక్కింటావిడకు, పిండిమర ఆమెకు, ఎదురింట్లో అద్దెకున్న టీచరమ్మకు చెయ్యి చూపించింది. "మా ఆయన కొలత. చూడు, గుడ్డ ఎక్కినట్టు ఎక్కింది. అరగంట లాగాలట వాళ్ళకు!" అని చెప్పింది. నా గురించి ఆమె బయట మంచిగా మాట్లాడటం అదే మొదలు. నేను లోపల రంపానికి నూనె రాస్తూ విన్నాను.

మూడో రోజు ఒక రిటైరైన బడిపంతులు చనిపోతే కొలతకు పిలిచారు. పంతులు కొడుకు టేపు రెండో కొస పట్టుకున్నాడు. "భుజాల దగ్గర నలభై నాలుగు," అని చదివాడు. నేను రాశాను. అతను నా కాగితంలోకి చూశాడు. "నలభై నాలుగండీ. మీరు నలభై ఏడు వేశారు."

"రెండు వేళ్ళు కలిపి రాస్తాం బాబూ. దూదికీ గుడ్డకూ పోతుంది. మా నాన్న నేర్పిన..."

మాట అక్కడే ఆగిపోయింది. రెండు వేళ్ళంటే మూడు సెంటీమీటర్లు. నా చెయ్యి నన్ను అడగకుండానే కలిపి రాస్తుంది. టేపు చదివేటప్పుడే నా బుర్రలో అంకె మారిపోయి ఉంటుంది. ఆమె చేతికి వాడిన టేపు కొత్తదే. కొలిచిన చెయ్యి పాతది.

మర్నాడు పొద్దున ఆమె తొడుగు వేసుకోబోతుంటే పచ్చ టేపు తెచ్చి, "చెయ్యి ఇటివ్వు," అన్నాను.

"మళ్ళీ ఎందుకు?"

మణికట్టు పద్దెనిమిది. షాపువాళ్ళు తిరిగిచ్చిన కాగితంలో నేను రాసింది ఇరవై ఒకటి.

"నీ కొలత నువ్వే చూసుకుని మురిసిపోతున్నావా? సరిగ్గా ఉందా?" అంది నవ్వుతూ.

"ఊఁ," అన్నాను.

అప్పుడే చెప్పి ఉంటే మూడు వారాల పని. షాపుకు పోయి కొత్త అంకెలు రాసిస్తే అయిపోయేది. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ఆమె ఇంకో ఇద్దరికి చూపించి వచ్చింది. ఆ వారం పొద్దునే టీ ఇచ్చేటప్పుడు నా గ్లాసు ముందు నింపేది. పెళ్ళయినప్పటి నుంచి నాది ఆఖరి గ్లాసే. పది రోజులు పోయాక ఇక చెప్పడానికి మొహం చెల్లలేదు. ఒక్కటి మాత్రం చేశాను. "రాత్రి కూడా వేసుకో. ఇంకా మంచిది," అన్నాను. వదులు తొడుగు ఎక్కువసేపు ఉంటే కొంతైనా పట్టుకుంటుందని నా లెక్క. నర్సమ్మ వద్దన్న పని అది. ఆమె నా మాట నమ్మి రాత్రి కూడా వేసుకుంది. ఎండాకాలం. మోచేతి మడతలో పొక్కులు లేచి చీము పట్టాయి. అయినా తీయలేదు.

రెండు నెలలకు తొడుగు బిగిసింది. "ఇప్పుడు పట్టుకుంటోంది చూడు!" అంది సంబరంగా. తొడుగు మారలేదు. చెయ్యి నేను రాసిన అంకెల దాకా వచ్చి ఆగింది.

అప్పటి నుంచి వారానికొకసారి ఆసుపత్రికి రమ్మన్నారు. పొడుగాటి బెంచీ మీద పది, పన్నెండు మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి చేతులు ఎత్తించి దించేవారు. ఒక్కో రోజుకు ఒక్కో గుంపు. మంగళవారం వాళ్ళు మంగళవారమే, బుధవారం వాళ్ళు బుధవారమే రావాలి. నా భార్యది మంగళవారం. మగవాళ్ళు బయట కుర్చీల్లో కూర్చోవాలి. తలుపు తీసే ఉంచేవారు.

మొదటి మంగళవారమే నర్సమ్మ టేపు వేసి, "ఇదేంటమ్మా, మూడు పెరిగింది. తొడుగు వేసుకోవడం లేదు కదూ?" అంది.

"వేసుకుంటున్నాను తల్లీ."

"వేసుకుంటే ఇలా ఉండదు. చూడండి, తొడుగు ఎంత చక్కగా సరిపోయిందో. సరిపోయిన తొడుగులో చెయ్యి పెరగడం నేనింతవరకు చూడలేదు. ఇక్కడికి వచ్చే రోజు మాత్రం వేసుకొస్తున్నారు."

"రాత్రి నిద్రలో కూడా తీయనమ్మా!"

"నిద్రలో తీసేయమని చెప్పాను కదా. వేసుకునేవాళ్ళకు ఆ సంగతి గుర్తుంటుంది."

బెంచీ మీద నవ్వులు వినబడ్డాయి. బట్టల షాపు నడిపే లావాటి ఆమె ఒకతె అక్కడ ఉండేది. "పోనీలెండి నర్సమ్మా, పెద్దావిడకు చెయ్యి బరువు, నోరు తేలిక," అంది. మళ్ళీ నవ్వారు.

తరవాత ప్రతి మంగళవారం అదే. కొత్తగా ఎవరు వచ్చినా నర్సమ్మ నా భార్యను లేపి నిలబెట్టేది. "ఈ అమ్మ చెయ్యి చూడండి. తొడుగు వేసుకోకుండా వేసుకుంటున్నానని చెబితే ఇలా అవుతుంది. ఎత్తండమ్మా, అందరికీ కనబడేలా ఎత్తండి." ఆమె ఎత్తేది. వీధిలో ఎవరి మాటా పడని మనిషి ఆ గదిలో కిమ్మనేది కాదు. నేను బయట కుర్చీలో కూర్చుని, గోడకు అంటించిన చేతులు కడుక్కునే బొమ్మ చూస్తూ ఉండేవాణ్ణి. ఆ బొమ్మలో ఆరు చేతులున్నాయి.

ఇంటికి వచ్చాక కోడలు మొదలుపెట్టేది. "అత్తయ్యా, పని చేయలేకపోతే చేయలేనని చెప్పొచ్చు కదా. తొడుగు తీసి పారేసి చెయ్యి పాడు చేసుకోవడం ఎందుకు?"

"నేను తీశానా? చెప్పవయ్యా! పొద్దున నీ ఎదురుగానే కదా వేసుకునేది! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"వేసుకుంటుంది," అన్నాను.

"మామయ్య మీకు భయపడి చెబుతున్నారు," అంది కోడలు.

నేను రంపం తీసుకుని చెక్క కోతకు పోయాను.

నాలుగో నెలలో మేకు ఒకటి జారి ఆమె కుడి బొటనవేలికి గుచ్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో అలాంటివి వెయ్యి గుచ్చుకుని ఉంటాయి. ఈసారి తెల్లారేసరికి చెయ్యంతా ఎర్రగా కాలిపోతోంది. ఒణికే జ్వరం. ఆసుపత్రిలో అయిదు రోజులు ఉంచారు. ఇంటికి వచ్చాక సుత్తి పట్టుకోబోతే వేళ్ళు పిడి చుట్టూ మూసుకోలేదు. బొటనవేలు చూపుడువేలిని అందుకోలేదు. ఎడమ చేత్తో కొట్టి చూసింది. మూడు మేకులు వంగిపోయాయి. నాలుగోది ఆమే లాగి పారేసింది.

మా అబ్బాయి నెమ్మదైనవాడు. "అమ్మా, నువ్వు తలగడలు నింపు. లోపలి పని ఇది చూసుకుంటుంది," అన్నాడు. కోడలు బల్ల ముందు కూర్చుంది. దాని కుచ్చులు ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. నా భార్య పక్కన నిలబడి చూసి, "ఇది తీసి మళ్ళీ కొట్టు," అంది.

"చచ్చినవాళ్ళు స్కేలు పెట్టి చూస్తారా అత్తయ్యా?"

నా భార్య మూలకు పోయి, తలగడ సంచి మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఎడమ చేత్తో దూది కుక్కడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆమెది ఆ మూలే.

ఆరో నెల వచ్చింది. కొత్త తొడుగుకు రాయాలి, పాత కొలత కాగితం తెమ్మంది నర్సమ్మ. అది నా చెక్కల లెక్క రాసుకునే సొరుగులో ఉంది. చింపేద్దామని రెండుసార్లు తీశాను. రెండుసార్లూ మళ్ళీ పెట్టాను. పోయిందని చెబుదామనుకుంటుండగా ఆమే సొరుగు తీసి, బొమ్మ చూసి గుర్తుపట్టి, సంచిలో పెట్టుకుంది. "ఆరు నెలలుగా దాచావా? నీకు ఇంత ముచ్చట ఉందని తెలియదే," అంది.

మంగళవారం బెంచీ నిండా ఆడవాళ్ళున్నారు. నర్సమ్మ కాగితం ఒక చేత్తో, తన పుస్తకం ఒక చేత్తో పట్టుకుని చదివింది.

"తొడుగు రాసిచ్చిన రోజు నేను మూడు చోట్ల కొలిచాను. మణికట్టు నాది పద్దెనిమిది, మీ కాగితంలో ఇరవై ఒకటి. ముంజెయ్యి నాది ఇరవై రెండు, మీది ఇరవై అయిదు. మోచెయ్యి నాది ఇరవై ఆరు, మీది..." ఆగింది. "ఇరవై తొమ్మిది. అన్నిటికీ సరిగ్గా మూడు ఎక్కువ. ఇది వదులు తొడుగమ్మా! ఇది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎవరు కొలిచారు?"

నా భార్య తల తిప్పి తలుపులోంచి నన్ను చూసింది. కొలతకు పోతే నేను రెండు వేళ్ళ సంగతి చెప్పని ఇల్లు లేదు, ఆమె వినని రోజు లేదు. నర్సమ్మ మూడో అంకె చదివేసరికే ఆమెకు అర్థమైపోయింది. చూస్తూనే ఉంది. నేను లేచి నాలుగు అడుగులు వేస్తే గుమ్మం. కుర్చీ చేతులు పట్టుకున్నాను. లేవలేదు.

"మీరే కొలుచుకున్నారా? సొంతంగా కొలుచుకుంటే ఇలాగే ఉంటుంది. చెయ్యి వెళ్ళి తొడుగంత అయింది. ఇప్పుడు కట్లు కడితే కొంచెం దిగుతుంది కానీ, ఇక మామూలు చెయ్యి రాదు. సుత్తీ గిత్తీ మరిచిపోండి."

"అయ్యో రాత! తన చెయ్యి తనే పోగొట్టుకుంది," అంది బట్టల షాపు ఆమె.

నా భార్య నర్సమ్మ ఇచ్చిన కట్ల చుట్టలు సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. దారంతా నాకు రెండు అడుగులు ముందు నడిచింది. పని గదిలోకి వచ్చి, సంచి కింద పెట్టి అడిగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు? ఇవాళా?"

నేను కింద రాలిన మేకు ఒకటి ఏరి డబ్బాలో వేశాను.

"ఇవాళ కాదు. పంతులుగారి పెట్టె చేసిన మర్నాడు టేపు పట్టుకొచ్చి చెయ్యి ఇటివ్వమన్నావు. అప్పుడు తెలిసింది. అవునా?"

"ఊఁ."

"నాకు పెట్టె కొలిచావు." గొంతు పెంచలేదు. "నాలుగు నెలలు అక్కడ చెయ్యెత్తి నిలబడ్డాను. నువ్వు బయట కూర్చుని విన్నావు. దొంగదాన్నన్నారు, ఇవాళ తెలివితక్కువదాన్నన్నారు. వీధి వీధంతా తిరిగి నిన్ను మెచ్చుకుని వచ్చాను కదయ్యా! అందుకేనా నోరు మూసుకున్నావు? ఆ మెప్పు కోసమా?"

కోడలు సుత్తి ఆపి వింటోంది. నేను కింద చూశాను. రంపపు పొట్టులో ఆమె చెప్పుల గుర్తులున్నాయి.

"పోయి చెప్పు. ఆ బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ, నీ నోటితో. నేను రోజూ వేసుకున్నానని ఒకటి. కొలిచింది నువ్వని రెండు. తెలిసీ చెప్పలేదని మూడు. మూడే మూడు ముక్కలు, నీ నోరేం అరిగిపోదు. నా చెయ్యి ఎలాగూ రాదు. వాళ్ళ ముందు పోయిన నా మాటన్నా తెచ్చిపెట్టు. అది అయ్యేదాకా ఈ చెయ్యి ముట్టుకోకు, కట్టు కూడా నువ్వు కట్టొద్దు."

"సరే," అన్నాను.

మర్నాడు పొద్దున లేచి గడ్డం గీసుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. తలుపు తెరిచే వేళకే ఆసుపత్రిలో ఉన్నాను. బెంచీ మీద తొమ్మిది మంది ఆడవాళ్ళు ఉన్నారు. ఒక్క మొహం కూడా నేను చూసింది కాదు. బుధవారం.

నర్సమ్మ నన్ను చూసి, "పెద్దాయనా, మీవాళ్ళది మంగళవారం కదా?" అంది.

"తెలుసమ్మా."

గుమ్మంలో నిలబడి మూడు ముక్కలు చెప్పాను. నా భార్య రోజూ తొడుగు వేసుకుందని. కొలత నేను తప్పు రాశానని. నాలుగో రోజుకే తెలిసీ చెప్పలేదని. గొంతు ఎక్కడా తొణకలేదు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవరీయన? ఎవరి సంగతి?" అని ఒకామె పక్కనామెను అడిగింది. ఇంకొకామె తన చెయ్యి ముందుకు చాపి, "నర్సమ్మా, నాది వదులేమో ఒకసారి చూడండి," అంది.

"వీళ్ళెవరికీ మీ ఆవిడ తెలియదు. మంగళవారం వచ్చి చెప్పండి," అంది నర్సమ్మ.

తల ఊపి వచ్చేశాను.

నా భార్య మూలలో తలగడ నింపుతోంది. నేను చొక్కా విప్పి మేకుకు తగిలించేదాకా ఆగింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"మూడూనా?"

"మూడూ."

"ఎంతమంది ఉన్నారు?"

"తొమ్మిది మంది."

"ఆ బట్టల షాపుది ఉందా?"

"ఊఁ," అన్నాను.

ఆమె కాసేపు నన్నే చూసింది. ఆరోజు ఏ వారమో ఆమెకు తట్టలేదో, తట్టినా అడగలేదో నాకు తెలియదు. ఒళ్ళో తలగడ పక్కన పెట్టింది. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, నా వైపు చాపింది. నేను సంచిలోంచి కట్టు చుట్ట తీసి, ముందుకు జరిగి కూర్చుని, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి చుట్టాను.